మార్లవాయిలో కాపురం పెట్టిన వియన్నా దంపతులు

సంక్రాంతి సెలవులు రాగానే మీలో చాలామంది పిల్లల్ని తీసుకుని అరకు వెళ్తుంటారు. కిరండూల్ రైలెక్కి సొరంగాలు లెక్కపెట్టుకుంటూ పోవడం, బొర్రాలో దిగి గుహల్లోకి మెట్లు దిగడం, సున్నపురాయిలో శివలింగాన్ని వెతకడం, పైకొచ్చాక బొంగులో చికెన్ తినడం, సాయంత్రం థింసా చూడటం. రెండు రోజుల్లో అన్నీ అయిపోతాయి. ఆ థింసా ఆడే ఆడవాళ్లెవరు, వాళ్ల ఊళ్లు ఎక్కడ, వాళ్ల పిల్లలు ఏ బడికి వెళ్తారు అని వెనక సీట్లోంచి మీ అమ్మాయో అబ్బాయో అడిగితే మాత్రం మనలో ఎక్కువమంది ఫోన్ తీయాల్సిందే.

అలాంటి ప్రశ్నలు అడగడమే జీవితంగా పెట్టుకున్న ఒక మనిషి గురించి ఈ నెల మీతో చెప్పుకుందాం. ఆయన భార్య వర్ధంతి జనవరి 11న వస్తుంది కాబట్టి ఈ సంచికలోనే చెప్పుకోవడం బాగుంటుంది. ఆమెను విడదీసి ఆయన కథ చెప్పడం కుదరదు కూడా.

ఆయన పేరు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. పలకడానికి మనకు కష్టమే. ఆదిలాబాద్ గోండులు మాత్రం ఎనభై ఏళ్లుగా ఆ పేరును ఇంటిమనిషి పేరులా పలుకుతున్నారు. 1909లో వియన్నాలో ఒక కులీన కుటుంబంలో పుట్టాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివి 1931లో డాక్టరేట్ తీసుకున్నాడు. అస్సాం, బర్మా కొండజాతుల సమాజం గురించి ఆ పరిశోధన రాసేటప్పటికి ఆయన ఆ కొండల్ని కంటితో చూడలేదు. లైబ్రరీలో కూర్చుని రాసిన పుస్తకంతో తృప్తిపడే స్వభావం కాదు కాబట్టి 1936లో నాగా కొండలకు వచ్చి ఏడాదికి పైగా కొన్యాక్ నాగాల మధ్య ఉన్నాడు. ఆరుబయట బతుకు ఆయనకు అక్కడే అలవాటైంది. కాలిబాటలు, చెమ్మపట్టిన గుడారం, ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి అరుగు మీదే పడక.

1938లో ఎలిజబెత్ బర్నార్డోను పెళ్లి చేసుకున్నాడు. అందరూ ఆమెను బెట్టీ అనేవారు. ఆమె ఇంగ్లిష్ వనిత, మానవశాస్త్రంలో డిగ్రీ లేదు. పెళ్లయిన మరుసటి ఏడాదే ఇద్దరూ కలిసి ఇండియా వచ్చారు. వచ్చాక రెండో ప్రపంచయుద్ధం మొదలైంది.

ఇక్కడ వాళ్ల పరిస్థితి ఒక్కసారి ఊహించండి. 1938లో హిట్లర్ ఆస్ట్రియాను జర్మనీలో కలిపేసుకున్నాడు. దాంతో హైమన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ఇండియాలో అతను శత్రుదేశీయుడు. అలాంటివాళ్లని ముళ్లకంచెల శిబిరాల్లో పెడుతున్నారు. ఆయన అదృష్టం ఏమిటంటే హైదరాబాద్ సంస్థానంలో రెవెన్యూ వ్యవహారాలు చూస్తున్న థియొడోర్ టాస్కర్ లాంటి అధికారులు ఆయన పనిని ఎరిగినవాళ్లు. శిబిరానికి బదులు నిజాం రాజ్యం ఎల్లల్లోనే ఉండాలన్న కట్టడితో సరిపెట్టారు. మరొకరైతే హైదరాబాదులో ఒక బంగ్లా అద్దెకు తీసుకుని యుద్ధం అయ్యేదాకా రోజులు లెక్కపెట్టుకునేవారు. ఈ దంపతులు తమకు మిగిలిన సరిహద్దుల్లోపలే అడవి ఎక్కడుందో చూసుకుని అక్కడికి వెళ్లిపోయారు.

మొదట నల్లమల. 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల మధ్య ఉన్నారు. వ్యవసాయం లేకుండా, గడ్డలు తవ్వుకుని, పళ్లు ఏరుకుని, తేనె దించుకుని బతికే ఆ మనుషుల జీవితాన్ని అంత దగ్గరగా అప్పటికి ఎవరూ రాయలేదు. చెంచులు తేనె కోసం కొండచరియ మీది నుంచి తాడు పట్టుకుని దిగుతారు. పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది అని చెప్పుకుంటారు, తన చెల్లెలి పసుపుకుంకుమలు అతని చేతిలోనే ఉంటాయి కాబట్టి తాడు వదలడని. బంధుత్వాల మీద ఇంతకంటే మంచి పాఠం ఏ యూనివర్సిటీలో దొరుకుతుంది! 1943లో చెంచుల మీద ఆయన పుస్తకం వచ్చింది.

తర్వాత గోదావరి మీదుగా పాపికొండలకు వెళ్లారు. కొండరెడ్ల దగ్గర. పోడు వ్యవసాయం, జీలుగు చెట్టు కల్లు, వెదురు నరుకుడు. వెదురు కంట్రాక్టర్ల దగ్గర చిన్న అప్పుకు ఏళ్ల తరబడి చాకిరీ చేస్తున్న కుటుంబాలను ఆయన చూసింది అక్కడే. శాస్త్రవేత్త చూసి రాసుకుని వచ్చేయాలా, లేక ఏమన్నా చేయాలా అనే ప్రశ్న ఆయనకు ఎదురైంది కూడా అక్కడే అని నా అభిప్రాయం. 1945లో అచ్చయిన కొండరెడ్ల పుస్తకంలో వాళ్ల దేవతల గురించి ఎంత శ్రద్ధగా రాశాడో వాళ్ల అప్పుల గురించీ అంత శ్రద్ధగానే రాశాడు.

మన బొర్రా, అరకు వైపు కొండలతో ఆయనకు చుట్టరికం గదబల ద్వారా కలిసింది. 1940ల మొదట్లో కొండలకు ఆవలి పక్క, నేటి ఒడిశాలో ఉన్న గదబలు, బోండోల దగ్గరకు వెళ్లి, చనిపోయినవారి కోసం వాళ్లు నిలబెట్టే రాళ్ల గురించి, ఆ రాళ్ల చుట్టూ జరిగే తంతు గురించి పరిశోధించి రాశాడు. గదబలు మన అరకు చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్నారు. కొండకు ఇవతల ఆంధ్ర, అవతల ఒడిశా అన్నది మనం గీసుకున్న గీతే. ఈసారి అటు వెళ్లినప్పుడు ఏ గదబ ఊళ్లోనైనా చెట్టుకింద పెద్ద రాళ్లు వరసగా కనిపిస్తే పిల్లల్ని వాటి మీదకెక్కి ఫొటో దిగనివ్వకండి. అవి ఎవరి తాతముత్తాతల గుర్తులో అయి ఉండవచ్చు.

ఇక అసలు కథ మార్లవాయిది.

1940లో ఆదిలాబాద్ అడవుల్లో, జోడేఘాట్ దగ్గర, కొమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయాడు. ఆయన అడిగింది తన వాళ్లు దున్నుకుంటున్న భూమి మీద, వాళ్ల అడవి మీద హక్కు. అటవీశాఖ రిజర్వు గీతలు గీసి ఊళ్లకు ఊళ్లనే ఖాళీ చేయిస్తుంటే, చదువురాని గోండు రైతు పేర ఉన్న పొలం చూస్తుండగానే పట్నం నుంచి వచ్చినవాడి పేర మారిపోతుంటే వచ్చిన తిరుగుబాటు అది. భీం పోయాక నిజాం ప్రభుత్వానికి భయం పట్టుకుంది. అసలు ఈ గోండులకు వచ్చిన కష్టమేమిటో చూసి చెప్పమని హైమన్‌డార్ఫ్‌ను పంపింది.

అలా వచ్చిన మనిషి జిల్లా కేంద్రంలో డాక్ బంగ్లాలో కూర్చుని నలుగుర్ని పిలిపించి అడిగి నివేదిక పంపేయవచ్చు. ఈ దంపతులు 1941లో మార్లవాయి అనే గోండు ఊళ్లో గడ్డికప్పు ఇంట్లో కాపురం పెట్టారు. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలో ఉంది. అప్పుడు రోడ్డు లేదు, కరెంటు మాట దేవుడెరుగు, ఆదిలాబాద్ అడవి మలేరియాకు పెట్టింది పేరు. గోండి నేర్చుకున్నారు. దీపావళికి దండారి నాట్యం వెంట తిరిగారు, ప్రధానులు కింగ్రి వాయిస్తూ రాత్రంతా చెప్పే వంశగాథలు కూర్చుని విని రాసుకున్నారు.

బెట్టీ పని ఏమిటని మీకు సందేహం రావచ్చు. దొరగారి భార్యగా వెంట ఉండటమా? కాదు. ప్రతిరోజూ డైరీ రాయడం ఆమె పని. ఎవరింట్లో ఏ పండగ, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ పెళ్లి ఎందుకు తప్పింది, అన్నీ. ఇళ్ల లోపలి సంగతులు, ఆడవాళ్లు మగవాళ్ల ముందు చెప్పని సంగతులు ఆమె లేకపోతే ఆ పుస్తకాల్లోకి వచ్చేవి కావు. 1948లో అచ్చయిన రాజ్‌గోండుల పుస్తకం మీద రచయితలుగా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఈ రోజుల్లో అది మామూలు విషయం. ఆ రోజుల్లో భర్తల పుస్తకాల్లో భార్యలకు దక్కేది ముందుమాట చివర ఒక కృతజ్ఞత.

వాళ్లకొక అబ్బాయి. అతన్ని గోండులు లచ్చు పటేల్ అని పిలుచుకున్నారు. మార్లవాయి ఊరి పటేల్ పేరు అది. పిల్లవాడికి ఊరి పెద్ద పేరు పెట్టి పిలవడమంటే మన ఊళ్లలో తాత పేరు పెట్టుకోవడంతో సమానం. ఇంతకంటే పెద్ద బిరుదు ఏ రాజూ ఇవ్వలేడు.

ప్రభుత్వానికి ఆయన చెప్పింది క్లుప్తంగా రెండు మాటలు. ఒకటి, భూమి పట్టాలు ఇవ్వండి. రెండు, బడి పెట్టండి. ఈ రెండోది మనకు దగ్గరి విషయం కాబట్టి కాస్త ఆగి చూద్దాం.

సంస్థానంలో అప్పుడు రాజభాష ఉర్దూ. గోండు పిల్లవాడు ఇంట్లో మాట్లాడేది గోండి. బయటి ఊళ్ల నుంచి వచ్చే ఉపాధ్యాయుడికి గోండి రాదు, పిల్లలకు ఆయన మాట అర్థం కాదు. జ్వరాల భయంతో ఆయన నెల తిరక్కుండానే సెలవు పెట్టి వెళ్లిపోవడం మామూలు. అలాంటి బడికి ఏ తల్లి పంపుతుంది? హైమన్‌డార్ఫ్ ఆలోచన తలకిందులుగా సాగింది. పిల్లల బడి కంటే ముందు టీచర్ల బడి పెట్టాలి, ఆ టీచర్లు గోండులే అయి ఉండాలి. 1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం మొదలైంది. మొదటి విద్యార్థులు పిల్లలు కారు, యువకులు. పొలం దున్నుకునే చేతులతో బలపం పట్టారు. చదువు మొదలైంది గోండిలో, దేవనాగరి లిపిలో. ఆ వాచకాలు తయారుచేయడంలో సేతుమాధవరావు పగ్డీ అనే అధికారి చేసిన పనిని తప్పకుండా చెప్పుకోవాలి. ప్రభుత్వోద్యోగి అయి ఉండి గోండి, కోలామి భాషలు నేర్చుకుని వాటికి వ్యాకరణాలు రాసిన మనిషి ఆయన. అడవిలో తిరిగే మానవశాస్త్రవేత్త ఒక్కడే ఈ పని చేశాడని చెబితే అన్యాయం అవుతుంది. రెవెన్యూ మంత్రిగా వచ్చిన డబ్ల్యూ.వి. గ్రిగ్సన్ బస్తర్ గోండుల మీద పుస్తకం రాసినవాడే. కాగితం మీద సంతకం పెట్టాల్సిన చోట అర్థం చేసుకున్నవాళ్లు ఉండటం వల్ల పని నడిచింది.

ముందు సొంత భాషలో చదవడం వచ్చాక మిగతా భాషల్లోకి వెళ్లారు. మార్లవాయిలో తయారైన యువకుల్లో టీచర్లయినవాళ్లు ఉన్నారు, పట్వారీలు, అటవీశాఖ ఉద్యోగులు అయినవాళ్లూ ఉన్నారు. అప్పటిదాకా రసీదు మీద ఏం రాశారో తెలియక వేలిముద్ర వేసిన ఊళ్లో, పట్వారీ తమవాడు కావడం అంటే ఏమిటో మీరే ఆలోచించండి.

మనం ఫీజులు కట్టి, బస్సు ఎక్కించి, పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో చదివిస్తున్నాం. ఈ న్యూస్‌లెటర్ కూడా రెండు భాషల్లో వస్తుంది, అందులో ముందు మీరు ఏ భాష పేజీ తిప్పుతారో మీకే తెలుసు. అందువల్ల ఇంట్లో తెలుగు వదిలేయనక్కర్లేదని నర్సరీ తరగతి టీచర్లు మీతో ఎప్పుడూ చెబుతూనే ఉంటారు. ఇంటి భాషలో అర్థమైనది బడి భాషలోకి తేలిగ్గా ఎక్కుతుందన్న సంగతి 1943లో ఒక అడవి పల్లెలో చేసి చూపించినదే, కొత్తగా కనిపెట్టింది కాదు.

భూమి విషయానికొస్తే, 1945 నుంచి హైమన్‌డార్ఫ్ నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారు అయ్యాడు, ఉస్మానియాలో ప్రొఫెసర్ కూడా. (ఆ మధ్యలోనే, 1944-45లో, దంపతులిద్దరూ ఈశాన్య సరిహద్దుకు వెళ్లి ఇప్పటి అరుణాచల్‌లో ఉన్న అపతానీల మధ్య ఉండి వచ్చారు.) ఆదిలాబాదులో గిరిజన రైతులకు పట్టాలు ఇవ్వడం మొదలై, కొన్నేళ్లలో లక్ష ఎకరాలకు పైగా వాళ్ల పేర రాశారు. గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధనలు 1946లో వచ్చాయి. ఊరి తగాదాలు ఊరి పంచాయతీయే తీర్చుకునే వీలు కలిగింది. కొమురం భీం ప్రాణం ఇచ్చి అడిగినదానిలో కొంత, ఆయన పోయిన కొన్నేళ్లకు, అదే ప్రభుత్వం చేతుల మీదుగా వచ్చింది. ఆ ఘనత ముందు భీంది, ఆ తర్వాతే ఎవరిదైనా. హైమన్‌డార్ఫ్ జీతం తీసుకున్నది ఆ కాల్పులు జరిపించిన ప్రభుత్వం దగ్గరే అన్నదీ నిజం. ఆ ఉద్యోగంలో కూర్చుని ఆయన ఏ పక్షం మాట్లాడాడన్నది ఆ పట్టాలే చెబుతాయి.

సంస్థానం ఇండియాలో కలిశాక ఆయన లండన్ వెళ్లి అక్కడి ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల స్కూల్‌లో చేరాడు, 1951లో ప్రొఫెసర్ అయ్యాడు, 1976లో రిటైరయ్యాడు. ఈ పాతికేళ్లూ వేసవి వచ్చినా, సెలవు దొరికినా కొండలే. 1953 నుంచి నేపాల్. షెర్పాల మీద ఆయన రాసిన పుస్తకం 1964లో వచ్చింది. ఎవరెస్టు ఎక్కినవాళ్ల పేర్లు లోకమంతా తలుచుకుంటున్న రోజుల్లో, ఆ మూటలు మోసినవాళ్ల ఇళ్లలో పొయ్యి దగ్గర కూర్చుని వాళ్ల పెళ్లిళ్లు, గుంపాలు, ఆలుగడ్డ పంటల గురించి రాసుకున్నాడాయన. వెంట బెట్టీ, ఆమె డైరీ. తీసిన ఫొటోలు వేలల్లో, ఫిల్ము గంటల కొద్దీ. అవన్నీ ఇప్పుడు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. మన తాతల కాలం నాటి చెంచు పెంటల్నీ గోండు జాతరల్నీ కదిలే బొమ్మల్లో చూడాలంటే వెతకాల్సిన చోటు అదే.

రిటైరైనవాళ్లు సాధారణంగా తోటపని చేసుకుంటారు. ఈయన 1976 నుంచి మళ్లీ ఆదిలాబాద్, నల్లమల, గోదావరి దారులు పట్టాడు. మూడు దశాబ్దాల కిందట ఎవరి పేర పట్టా రాయించాడో వాళ్ల ఇళ్లకే వెళ్లి, ఆ భూమి ఇప్పుడు ఎవరి చేతుల్లో ఉందని అడగడం మొదలుపెట్టాడు. జవాబులు బాధపెట్టేవే. రోడ్లు వచ్చాయి, రోడ్లతో పాటు బయటివాళ్లు వచ్చారు, అప్పు పేరుతోనో కౌలు పేరుతోనో చాలా పొలాలు చేతులు మారాయి. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన గట్టి సవరణ, రెండూ పుస్తకంలో ఉన్నాయి, పొలంలో లేవు. అదే సమయంలో అరుణాచల్‌లో అపతానీల భూమి వాళ్ల చేతుల్లోనే ఉంది, బయటివాళ్లు కొనే వీలు లేదు కాబట్టి. పిల్లలు చదువుకున్నారు, కొందరు పెద్ద ఉద్యోగాల్లోకి వెళ్లారు. 1982లో ఆయన రాసిన పుస్తకంలో ఈ రెండు చిత్రాలూ పక్కపక్కనే ఉన్నాయి. తెలివిలో, కష్టంలో గోండు తక్కువవాడు కాడు, అతని కాళ్ల కింద భూమి లాగేశారు అన్నది ఆ పుస్తకం చదివిన ఎవరికైనా అర్థమవుతుంది. డెబ్బై ఏళ్లు దాటిన పండితుడు తన జీవితకాలపు పని కళ్లముందే కరిగిపోవడం చూసి, దాన్ని దాచకుండా లెక్కలతో సహా అచ్చువేయడం అంత తేలిక కాదు.

ఇదే నిబంధన మన బొర్రా దాకా వచ్చింది. అనంతగిరి మండలంలో బొర్రా రిజర్వు ఫారెస్టు, దాని చుట్టుపక్కల పద్నాలుగు ఊళ్లున్న ప్రాంతంలో గనుల లీజులు గిరిజనేతరులకు ఇవ్వడం మీద సమత అనే సంస్థ కోర్టుకు వెళ్లింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. న్యాయశాస్త్రం చదివే పిల్లలందరూ చదివే తీర్పు అది. మీరు గుహ బయట కారు ఆపే ఆ చోటు చుట్టూ ఉన్న కొండల గురించిన తీర్పు. దాన్ని చూడటానికి అప్పటికి హైమన్‌డార్ఫ్ లేడు.

బెట్టీ ముందే వెళ్లిపోయింది. 1987 జనవరి 11న హైదరాబాద్‌లో ఆమె మరణించింది. వియన్నా కాదు, లండన్ కాదు, ఆమెను మార్లవాయి తీసుకువెళ్లారు. నలభై ఆరేళ్ల కిందట గడ్డికప్పు కింద ఆమె కాపురం పెట్టిన ఊరిలో, గోండుల మధ్య ఖననం జరిగింది. పెళ్లయిన నలభై తొమ్మిదేళ్లలో ప్రతి ప్రయాణంలో వెంట ఉన్న మనిషి పోయాక ఆయన ఆత్మకథ పూర్తిచేశాడు, 1990లో అది వచ్చింది. పేరుకు ఆత్మకథ గానీ అందులో ఆయన రాసుకున్న జీవితం ఇద్దరిదీ. 1995 జూన్‌లో లండన్‌లో, ఎనభై అయిదో ఏట ఆయన కన్నుమూశాడు. ఆ తర్వాత ఆయన అస్థికలు కూడా మార్లవాయి చేరాయి. ఇప్పుడు ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి.

ఏటా జనవరి 11న మార్లవాయిలో గోండులు అక్కడ చేరి తమ పద్ధతిలో పూజ చేస్తారు. అధికారులు వస్తారు, ఉపన్యాసాలు ఉంటాయి. ఆయన్ని చూసిన తరం దాదాపు వెళ్లిపోయింది, వాళ్ల మనవలు వస్తున్నారు. ఆదిలాబాద్ నుంచైనా మంచిర్యాల నుంచైనా ముందు ఉట్నూరు చేరుకోవాలి, అక్కడి నుంచి జైనూరు దారి. పిల్లలతో వెళ్లాలనుకుంటే చలికోట్లు మరిచిపోకండి, ఆ నెలలో అక్కడ రాత్రుళ్లు అరకుకు ఏమాత్రం తీసిపోవు.